డజను మూతలు

మా ఆయన ముచ్చటపడి కొన్న విదేశీ ఫ్లాస్కుకి మూత విరిగింది. ఆన్‌లైన్‌లో మూత చవకే, అక్కణ్ణుంచి ఇక్కడికి షిప్పింగ్ మాత్రం దానికి పదింతలు. ఒకటి తెప్పించినా డజను తెప్పించినా షిప్పింగ్ ఒకటేనని కనిపెట్టి, ఆయన డజను తెప్పించారు.

"మిగతా పదకొండూ మెళ్ళో వేసుకుని ఊరేగుతారా?" అన్నాను.

"ఒక్కో మూతకి ఎంత కలిసొచ్చిందో చూడవేం?" అన్నారు.

పార్సిల్ రాగానే, అన్నీ సరిపోతున్నాయో లేదోనని ఒక్కోటీ బిగించి చూశారు. తొమ్మిదో మూత దగ్గర ఫ్లాస్కు చేయిజారి, లోపలి గాజు భళ్లుమంది.

నేను గాజు పెంకులు ఊడ్చి ఎత్తాను. సాయంత్రానికి ఆయనే మళ్ళీ ఫోన్ పట్టుకున్నారు. అదే ఫ్లాస్కు దొరికిందట, షిప్పింగ్ కూడా ఉచితమట.

"మూత వద్దంటే ఏమైనా తగ్గిస్తారేమో అడగండి."

"అడిగాను. మూత తీసి పంపాలంటే అదనంగా చార్జీ పడుతుందట."