మూడు కిలోల నాలుగు వందల గ్రాములు

దర్జీ పని చేసే అత్తగారు కోడలి పందెం డ్రెస్సును మిషను మీద పరిచి, నడుము దగ్గర మళ్ళీ అర అంగుళం లోపలికి పట్టింది. మూడు నెలల్లో ఇది మూడోసారి.

"చూశావా వదినా," అంది కోటు కొలతలకు వచ్చిన పక్కింటావిడతో. "పెళ్ళయ్యాక అందరూ ఒళ్ళు చేస్తారు. మా పిల్ల సగం రొట్టె తిని లేచిపోతుంది."

"అదృష్టవంతురాలివి. మా అమ్మాయికి ఎంత పెట్టినా ఇంకా కావాలంటుంది!"

గుమ్మంలో బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న కోడలు ఆ మాటలు విని మురిసిపోయింది. ఆమెను అందరూ 'పిట్ట' అంటారు. బడిలో లెక్కల టీచరు. తెల్లవారుజామున మాత్రం పడవ పందేల మనిషి. అయిదు నెలల క్రితం పెళ్ళయింది. వాచీలు బాగుచేసే భర్త రోజూ స్కూటరు మీద చెరువు దగ్గర దింపి, ఆమె పడవెక్కేదాకా చెయ్యి ఊపుతూ నిలబడతాడు. ఆ చెయ్యి చూసుకుంటూ ఆమె మొదటి నాలుగు తెడ్లు ఎప్పుడూ తప్పుగానే వేస్తుంది.

పాఠకులారా, ఆ ఇంట్లో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకేనేమో, అక్కడ జరుగుతున్న పొరపాటు ఎవరి కంటా పడలేదు.

పిట్ట పోటీ చేసేది తక్కువ బరువున్న జంటల పందెంలో. పడవలో ఇద్దరు ఉంటారు. ఏ ఒక్కరూ యాభై తొమ్మిది కిలోలు దాటకూడదు, ఇద్దరి బరువూ కలిపి నూట పద్నాలుగు మించకూడదు. పందేనికి ముందు తూకం. గ్రాము ఎక్కువైనా పడవ ఒడ్డునే ఉండిపోతుంది. పిట్టకు జోడీ ఉత్తరాలు పంచే పొడుగుమనిషి, పోస్టక్క. ఆమె ఎముకలకే బరువెక్కువ. 'నేను కాస్త తగ్గితే అక్క హాయిగా తింటుంది కదా' అనుకుంది పిట్ట. ఎవరికీ చెప్పలేదు. ఎక్కువ తినని ఆడదాన్ని అందరూ మెచ్చుకుంటుంటే చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

అంతర్జాతీయ పోటీలకు ఇంటినుంచి బయల్దేరే ముందు భర్త ఆమె బూటులో ఒక చీటీ పెట్టాడు: 'గెలిచి రా. గెలవకపోయినా తొందరగా రా.' అది చదివి పిట్ట విమానంలో రెండు గంటలు ఒంటరిగా నవ్వుకుంది.

తూకానికి ముందురోజు మంచినీళ్ళు మానేసింది. రెండు స్వెట్టర్లు వేసుకుని హోటలు మెట్లు ఎక్కుతూ దిగుతూ చెమట పట్టించింది. మూడో అంతస్తులో ఎవరో ఎదురొచ్చారు. పోస్టక్క! ఆమె ఒంటి మీద రెండు కోట్లు.

"చలిగా ఉంది," అంది పోస్టక్క, చెమట తుడుచుకుంటూ.

"అవునక్కా, బాగా చలి," అంది పిట్ట.

మర్నాడు తూకం దగ్గర అధికారి ముల్లు వంక రెండుసార్లు చూశాడు. పిట్ట యాభై మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. పోస్టక్క యాభై ఏడు కిలోల రెండు వందలు.

"మూడు కిలోల నాలుగు వందల గ్రాములు తక్కువున్నారు," అన్నాడు. "మీకేం ఇబ్బంది లేదు."

ఇద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"నువ్వు తింటావని నేను మానేశానే!"

"నువ్వు తింటావనే కదక్కా నేనూ మానేసింది!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీళ్ళ మీద మాత్రం తెలిసింది. సగం దూరం పోయేసరికి చేతులు తమవి కానట్టయ్యాయి. ఆరు పడవల్లో ఆరోది వాళ్ళది. ఓడినవాళ్ళకు మర్నాడు ఇంకో పందెం ఉంటుంది. అందులో మొదటి రెండు పడవలకే ఫైనల్లో చోటు. అదే వాళ్ళకు మిగిలిన ఆఖరి అవకాశం.

కోచమ్మ వాళ్ళను భోజనాల బల్ల ముందు కూర్చోబెట్టింది. "లెక్కల టీచరమ్మా, రెండు అంకెలు కూడలేకపోయావా? ఊరందరి ఉత్తరాలూ చేరవేస్తావు పోస్టక్కా, పక్కసీటుకి ఒక్క మాట చేరవేయలేకపోయావా? గుడ్లు తినండి. మాట్లాడకండి, నమలండి."

సాయంత్రం పిట్ట ఇంటికి ఫోను చేసి అంతా చెప్పేసింది.

"అమ్మాయ్," అంది అత్తగారు. "మూడుసార్లు నీ నడుము కొలిచిన చెయ్యి ఇది. పిల్ల తరిగిపోతోందని నాకు తెలియాలి. తెలియకపోగా పదిమందికీ గొప్పగా చెప్పాను. తప్పు నాదే తల్లీ. ఇప్పుడేం తింటున్నావు?"

"అరటిపండు అత్తయ్యా. మూడోది."

"నాలుగోది కూడా తిను. వాడు పక్కన గంతులేస్తున్నాడు, మాట్లాడు."

మర్నాటి తూకంలో ఇద్దరూ కలిసి నూట పదమూడు కిలోల తొమ్మిది వందలు! అధికారి కూడా నవ్వేశాడు. ఆ రోజు తెడ్లు నీటిలో దిగినప్పుడు పిట్టకు తన భుజాలు తనకే కొత్తగా అనిపించాయి. చివరి రెండు వందల మీటర్లలో పక్క పడవ ముందుకు దూకింది.

"పిట్టా, సత్తువ ఉందా?" అని అరిచింది పోస్టక్క.

"బోలెడుందక్కా!"

వాళ్ళ పడవ ముక్కు మూరెడు తేడాతో రెండోదిగా గీత దాటింది. ఫైనల్లో చోటు దొరికింది! ఇద్దరూ పడవలోనే వాటేసుకోబోయి నీళ్ళలో పడ్డారు.

తడిసి ముద్దయి ఒడ్డుకు వస్తుంటే ఒక విలేకరి మైకు పెట్టాడు. "ఇంత సన్నగా ఉండాలంటే ఎంత తక్కువ తినాలి, మేడమ్? మా ఆడపిల్లలకు ఒక చిట్కా చెప్పండి."

పిట్ట జుట్టులోని నీళ్ళు పిండుకుంది. "నిన్న తినకుండా వచ్చి ఆరో స్థానంలో ఓడిపోయాం. ఇవాళ తిని వచ్చి ఫైనల్‌కి చేరాం. చిట్కా మీ ఆడపిల్లలకు కాదండీ, ఇంట్లో పెద్దలకు చెబుతాను. ఎంత తక్కువ తింటోందో అని ఆడపిల్లను మెచ్చుకోకండి, కడుపు నిండిందా అని అడగండి."