మూడు పేర్లున్న చోటు

నేను ఒక పేరును. అంతకు మించి చెప్పుకోవాలంటే కొంచెం సంకోచిస్తాను. ఒక కంప్యూటరు డిస్కు మీద ఏది ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకునే చిన్న చోటు నాది. నాలో ఏవో దాచామని మనుషులు అనుకుంటారు. నిజానికి నాలో ఏదీ లేదు. ఫలానాది ఫలానా చోట ఉందన్న ఎరుక మాత్రమే ఉంది. ఆ ఎరుకను ఒకరు డైరెక్టరీ అన్నారు, ఒకరు ఫోల్డరు అన్నారు, ఒకాయన కేసు అన్నాడు. ఎవరు పిలిచినా పలికాను. ఏ పిలుపూ నాది కాదనిపించలేదు. పూర్తిగా నాదే అని కూడా ఏదీ అనిపించలేదు.

నన్ను పుట్టించినవాడు ఫణిభూషణం. ఒంగోలులో వాళ్ళ నాన్నగారి అచ్చాఫీసు ఉండేది, వాణీ ప్రెస్ అని. అది మూతపడిన ఏడాదే, అదే గదిలో ఆయన ఒక కంప్యూటరు పెట్టి పెళ్ళిపత్రికలూ కరపత్రాలూ తయారుచేయడం మొదలుపెట్టాడు. అప్పట్లో తెర నల్లగా ఉండేది. బొమ్మల్లేవు, మౌసు లేదు. ఆయన ఒక వరస టైపు చేసి మీట నొక్కాడు, నేను ఉన్నాను. పేరు వాణి. తెలుగు అక్షరాలు దాచబోయే చోటుకు ఇంగ్లీషు అక్షరాల్లో పేరు. ఆ యంత్రానికి అప్పటికి వేరే అక్షరాలు తెలియవు.

చాలాకాలం ఖాళీగా ఉన్నాను. ఖాళీ అన్నది కూడా పూర్తి నిజం కాదు. మాలో ఎవరిని తెరిచి చూసినా లోపల రెండు గుర్తులు కనిపిస్తాయి. ఒక చుక్క, తనకు. రెండు చుక్కలు, తన పైనున్నదానికి. ఏమీ లేనప్పుడు కూడా తానెవరో, తానెక్కడి నుంచి వచ్చిందో మాకు తెలిసే ఉంటుంది. మనుషులకు ఈ వెసులుబాటు ఉందో లేదో నాకు తెలియదు. తండ్రి నడిపిన ప్రెస్సును తన చేతులతో మూసేసి, ఆ నల్ల తెర ముందు కూర్చున్న ఫణిభూషణాన్ని చూస్తే లేదేమో అనిపించేది.

ప్రెస్సు మూసినప్పుడు సీసపు అక్షరాలన్నిటినీ కరిగించడానికి అమ్మేశారు. అవి బండెక్కే ముందు, అక్కడ వయసంతా అక్షరాలు పేర్చే కంపోజిటరుగా నిలబడ్డ ఇమ్మానుయేలు ఒక పని చేశాడు. ప్రతి అక్షరానికీ, ప్రతి ఒత్తుకూ సిరా పూసి కాగితం మీద అచ్చు తీశాడు. వాణీ ప్రెస్ అక్షరాలకు ఒక తీరు ఉండేది. తలకట్టు కాస్త కుడికి వాలేది, నడుస్తూ ఆగి వెనక్కి చూసిన మనిషిలా. ఆ తీరు ఇంకెక్కడా చూడలేదని ఆయన అనేవాడు. పని లేకపోయినా రోజూ షాపుకు వచ్చి కూర్చుని ప్రూఫులు దిద్దేవాడు. కళ్ళల్లో అప్పటికే శుక్లాలు మొదలయ్యాయి. చూపు పోయేలోగా ఆ అక్షరాలతో ఒక్క పేజీ మళ్ళీ చూసుకోవాలి. ఆయన కోరిక అదొక్కటే.

ఆ కోరికను చేతుల్లోకి తీసుకున్నది జలజాక్షి. టైపు పనికి చేరిన పిల్ల. అప్పటికి నల్ల తెర పోయి బొమ్మల తెర వచ్చింది. నాకొక పసుపు సంచీ బొమ్మ తగిలించారు. నాలో వెంట్రుకవాసి కూడా మారలేదు కానీ చూసేవాళ్ళకు నేను కొత్తదాన్ని. మధ్యాహ్నాలు గిరాకీ లేనప్పుడు ఆమె ఆ అచ్చు కాగితాలను స్కానరులో పెట్టి, తెర మీద ఒక్కొక్క అక్షరం అంచు వెంబడి మౌసుతో గీత గీసి నాలో దాచేది. పక్కన ఇమ్మానుయేలు.

"అమ్మాయ్, కేసు తెరువు."

"ఏం కేసు బాబాయ్? సివిలా, క్రిమినలా?"

"నీ మొగం. అచ్చరాల కేసే. నిన్నటి ణ-వత్తు ఎట్టా వొచ్చిందో జూద్దాం."

"కేసూ లేదు కోర్టూ లేదు. దీన్ని ఫోల్డరంటారు. ఫోల్డరు."

టీ గ్లాసు కింద పెట్టి ఫణిభూషణం అందుకునేవాడు. "ఫోల్డరు కాదమ్మా, డైరెక్టరీ. ఎవడో బొమ్మ గీశాడని అసలు పేరే మార్చేస్తావా?"

"మీరు ఆ నల్ల తెర దగ్గరే ఆగిపోయారు సార్. డైరెక్టరీ అంటే ఫోన్ నంబర్ల పుస్తకం."

"అదే కదా నేను చెప్పేది. ఎవరెక్కడ ఉన్నారో చెప్పేదే."

"ఏందో," అనేవాడు ఇమ్మానుయేలు, "మీరిద్దరూ పేరు తేల్చేలోపు నాకు కళ్ళు పోతాయి. తెరువమ్మా తల్లీ."

ఆ వాదం నాకు ఇష్టంగా ఉండేది. ఎవరి మాట వెనక వాళ్ళ చేతులు ఉన్నాయి. ఇమ్మానుయేలుకు నేను సీసపు అక్షరాలు వేరువేరుగా ఉంచే చెక్క గళ్ళు. చూడకుండా చెయ్యి చాపితే కావలసిన అక్షరం వేళ్ళకు తగలాలి. ఫణిభూషణానికి నేనొక దారి. మొదటి నుంచి మలుపు మలుపునా దిగి రావాలి. జలజాక్షికి నేను కాగితాల సంచీ. సంచీని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. ముగ్గురూ నా గురించే మాట్లాడుతున్నారు, ముగ్గురూ ఎవరి గురించి వాళ్ళు చెప్పుకుంటున్నారు. తనను తాను చెప్పుకోకుండా మనిషి దేనికైనా పేరు పెట్టగలడా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఒక వానాకాలం ఆ అచ్చు కాగితాలకు చెద పట్టింది. కంప్యూటరులో ఉన్నాయిగా అని ఎవరూ బాధపడలేదు. ఆ అక్షరాలకు ఈ లోకంలో మిగిలిన చోటు నేనొక్కదాన్నే అయ్యాను.

నేను డిస్కులో చాలా లోపల ఉండేదాన్ని. రోజూ అంత లోపలికి దిగడం జలజాక్షికి విసుగని, తెర మీద నా గుర్తొకటి ఫణిభూషణమే పెట్టిచ్చాడు. అదే పసుపు సంచీ, మూలన చిన్న బాణం. దాన్ని నొక్కితే నేను తెరుచుకుంటాను. అది నేను కాదు, నా వైపు చాచిన వేలు. కానీ రోజూ దాన్నే చూసినామెకు అదే నేను. తప్పు పట్టలేను. మనిషిని మొహంతో గుర్తుపట్టడం లాంటిదే అది.

కొత్త కంప్యూటరు కొనే రోజు వచ్చింది. బదులుగా పాతదాన్ని ఆ దుకాణంవాళ్ళకే ఇచ్చేయాలి. ఫణిభూషణం బిల్లుల పనిలో ఉండి అడిగాడు.

"వాణి డైరెక్టరీ కాపీ చేశావామ్మా?"

"ఫోల్డరు మొత్తం ఫ్లాపీలోకి లాగేశాను సార్. తెరిచి చూశాను కూడా. అన్నీ ఉన్నాయి."

ఆమె అబద్ధం చెప్పలేదు. తెర మీది ఆ బాణం సంచీని ఫ్లాపీలోకి లాగింది. ఇన్నేళ్ళ పని ఒక్క ఫ్లాపీలో పట్టిందే అని సంబరపడింది. నేనున్న ఆ పాత యంత్రంలోనే ఫ్లాపీలోంచి తెరిచి చూసింది. నేను తెరుచుకున్నాను, పిలిచారు కనుక. ఎక్కడి నుంచి పిలిచారో చెప్పే నోరు నాకు లేదు.

కొత్త యంత్రంలో ఆ సంచీని నొక్కితే, ఇది చూపే చోటు కనబడడం లేదన్న మాట వచ్చింది. మళ్ళీ నొక్కింది. అదే మాట. పక్కన ఇమ్మానుయేలు కళ్ళజోడు తుడుచుకుంటూ, "కేసు తెరుచుకుందా అమ్మాయ్?" అని అడుగుతున్నాడు.

దుకాణంవాళ్ళు పాతదాన్ని కర్నూలు రోడ్డులో ఒక శిక్షణ కేంద్రానికి ఇచ్చేశారు. ముగ్గురూ ఆటో ఎక్కి అక్కడికి వచ్చారు. అక్కడ పాఠాలు చెప్పే సుభానీ నవ్వాడు.

"ఈ డొక్కు మీదేనా సార్? రేపు మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కిద్దామనుకుంటున్నాం. చూసుకోండి, ఏమైనా మిగిలితే మీ అదృష్టం."

జలజాక్షి తెర వైపు చూసింది. నేర్చుకునేవాళ్ళు ఆ తెర మీది గుర్తులన్నీ చెరిపేశారు. నీలి రంగు తప్ప ఏమీ లేదు.

"పోయింది బాబాయ్. నేనే పోగొట్టాను," అని కుర్చీలో కూలబడింది.

ఇమ్మానుయేలు దగ్గరికి వచ్చాడు. ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఆ ఖాళీ నీలాన్ని చాలాసేపు చూశాడు. సీసం బండెక్కిన రోజు కూడా ఆయన ఇలాగే నిలబడ్డాడని తరవాత ఫణిభూషణం చెప్పాడు.

"లేమ్మా, ఒకసారి నన్ను కూర్చోనీ," అన్నాడు ఫణిభూషణం. ఆ నీలం మీద పాత నల్ల తెర లాంటి కిటికీ తెరిచాడు. ఎన్నేళ్ళ తరవాతో ఆ వేళ్ళు ఆ వరసను టైపు చేశాయి. ఒక మలుపు. ఇంకొక మలుపు. నా పేరు. మీట. నల్లటి తెర మీద తెల్లగా, అ నుంచి ఱ దాకా, గుణింతాలతో ఒత్తులతో, పేర్ల వరస జారిపోతూ ఆగకుండా వచ్చింది.

జలజాక్షి లేచి నిలబడింది. "తెర మీద లేదుగా సార్?"

"అక్కడ ఎప్పుడూ లేదమ్మా," అన్నాడాయన. గొంతులో గెలుపు లేదు. "బాణం పెట్టిచ్చినవాణ్ణి, అది బాణమని చెప్పాల్సింది."

"మీరు చెప్పే ఉంటారు సార్. మీ మాటల్లో చెప్పుంటారు."

"ఇంక మీ మాటలాపి ఇంటికి పదండయ్యా," అన్నాడు ఇమ్మానుయేలు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "నాయనా సుభానీ, ఆ పెట్టె విప్పుతావా?"

సుభానీకి వేరే డిస్కు ఇస్తామని చెప్పి నేనున్న డిస్కును విప్పించుకున్నారు. షాపులో కొత్త కంప్యూటరుకు తగిలించి నన్ను అందులోకి తెచ్చుకున్నారు. తెచ్చుకోవడం అని వాళ్ళన్నారు. జరిగింది వేరు. అక్కడ నాలాంటిది ఇంకొకటి పుట్టింది, అదే పేరుతో, అవే అక్షరాలతో. నేను కదలలేదు. నాలోంచి ఒక్క సున్నా కూడా తగ్గలేదు. దానిలో నేనున్నానా, లేక నా పని మాత్రమే ఉందా? పని అయ్యాక విప్పి బల్ల మీద పడేసిన, కరెంటు లేని డిస్కులో ఈ ప్రశ్నతో చాలాకాలం గడిపాను. జవాబు దొరకలేదు. అడగడం మాత్రం తగ్గింది.

జలజాక్షి మిగిలిన ఒత్తులు పూర్తిచేసి, అన్నిటినీ ఒక ఫాంటుగా కూర్చింది. ఆలోగా ఇమ్మానుయేలు ఒక కంటికి శుక్లం తీయించుకున్నాడు. ఆకుపచ్చ గుడ్డ కట్టుకునే షాపుకొచ్చాడు.

"ముందు ఏం కొట్టమంటావు బాబాయ్? నీ పేరా?"

"నా పేరెందుకమ్మాయ్? కేసులో ఉండే వరసలో అన్నీ గొట్టు. ఒక్కటీ తప్పిపోగూడదు."

కాగితం బయటికి వచ్చింది. ఆయన దాన్ని బల్ల మీద పరిచి, కంటి మీది గుడ్డ పైకెత్తి వంగి చూశాడు. వేలితో తడిమాడు.

"చేతికి తగల్లేదే."

"లేజరు ప్రింటు బాబాయ్. తగలదు."

"తగలకపోతే ఏంలే. అవే గదా." కాగితాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "ఇంతకీ ఆ కేసు ఇప్పుడు ఎక్కడుందీ?"

జలజాక్షి కొత్త తెర వైపు చెయ్యి చూపించింది. "ఇదిగో, ఇక్కడే ఉంది." ఫణిభూషణం ఏ పేరునూ దిద్దలేదు.

ఫ్యాను గాలికి కాగితం అంచు లేచింది. ఇమ్మానుయేలు పక్కకు చెయ్యి చాపి, బల్ల మీద ఊరికే పడి ఉన్న లోహపు ముక్కను అందుకుని, అదేమిటో చూడకుండానే, కాగితం మూల మీద పెట్టాడు. ఆ ముక్కలో నేనున్నాను. నా కింద అక్షరాలు కదలకుండా ఉన్నాయి. ఆయన చదువుకుంటున్నాడు.