డెల్మార్ బావ నోరు విప్పిన రోజు

ఆ ఏడాది క్లీవ్‌లాండ్ తూర్పు వాడలో, మా వీధిలో సగం ఇళ్లు బ్యాంకుల పాలయ్యాయి, వాటి కిటికీలకు చెక్కలు కొట్టేశారు. మా అక్క వెర్నెటా ఇల్లూ ఆ వరసలో చేరేలా ఉంది. డెల్మార్ బావ పనిచేసే ఇనుప పోతల ఫ్యాక్టరీ మూతపడింది. అక్క స్కూలు బస్సు నడిపి తెచ్చే జీతం ఇంటి అప్పు వాయిదాకు చాలడం లేదు.

వాయిదా తగ్గించే పథకం ప్రభుత్వం తెచ్చిందని విని అక్క దరఖాస్తు పెట్టింది. బ్యాంకుకు ఎప్పుడు ఫోన్ చేసినా ఎవరో కొత్తవాళ్లు పలికి, కాగితాలు అందలేదనేవాళ్లు. అక్క మళ్లీ పంపేది. చివరికి ఇల్లు వేలం వేస్తామని తలుపుకు నోటీసు అంటించి పోయారు. బావ గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దసాగాడు.

"ఎక్కడికి ప్రయాణం?" అంది అక్క.

"కొలంబస్‌లో మా అన్న దగ్గరికి. వాళ్లు గెంటకముందే పోతే పరువైనా దక్కుతుంది."

"శనివారం పెద్ద హాల్లో బ్యాంకుల వాళ్లంతా దరఖాస్తులు చూడ్డానికి కూర్చుంటారట. ముందు అక్కడికి పోదాం. మంచి చొక్కా వేసుకో."

కారు నేను నడిపాను. హాలంతా తిరనాళ్లలా ఉంది. ఇళ్ల అప్పుల విషయంలో ఉచితంగా సలహాలిచ్చే హ్రూబీ గారు మాకు తోడొచ్చింది. బ్యాంకు కుర్రాడు కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీ ఒక్కరి జీతంతో తగ్గించిన వాయిదా కూడా కట్టలేరమ్మా. ఇంకేదైనా ఆదాయం ఉంటే వచ్చే నెల రండి."

"వచ్చే నెలకు ఇల్లుండదు. నేనిక్కణ్ణుంచి లేవను బాబూ. ఆఖరి పిల్ల దిగేదాకా బస్సు దిగే అలవాటు లేదు నాకు."

వెనక వరసలో వాళ్లు నవ్వారు. హ్రూబీ గారు మాత్రం బావ చేతులకేసి చూస్తోంది.

"డెల్మార్ గారూ, ఫ్యాక్టరీ మూసేశారుగా, మీ గోళ్లలో ఆ మసేమిటి?"

బావ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "చలికాలం ఇళ్లను వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేస్తున్నా," అన్నాడు.

"మరి మీ అన్న పంపుతున్నాడని నువ్వు నాకిచ్చే డబ్బు?" అంది అక్క.

"ఫోర్‌మన్‌గా చేసినవాణ్ణి. గడపగడపా తిరిగి మసి తుడుస్తున్నానని నీకెలా చెప్పను?"

"నీకు అబద్ధమాడటం కూడా రాదయ్యా. మీ అన్న ఎవరికైనా పైసా పంపే మనిషేనా?" అంటూ అక్క అతని చెయ్యి జేబులోంచి లాగి బల్ల మీద పెట్టి పట్టుకుంది.

అదీ సంపాదనే అంది హ్రూబీ గారు. అక్కడే లెక్క రాయించి బావ చేత సంతకం పెట్టించింది. కుర్రాడు మళ్లీ టైపు చేశాడు.

"సరిపోతుందమ్మా. దరఖాస్తు పూర్తయింది. వేలం ఆపేస్తున్నాం."

"మా ఆయనకు వినబడలేదు. ఇంకోసారి చెప్పు బాబూ."

కుర్రాడు నవ్వుతూ మళ్లీ చెప్పాడు. బావ రుమాలుతో మొహం కప్పుకున్నాడు.

తగ్గించిన వాయిదా ముందు మూడు నెలలు తప్పకుండా కట్టి చూపించాలన్నారు. బావ ఫర్నేసుల పని సంగతి వీధంతా చాటుకున్నాడు, ఇక తీరికన్నది లేదు. మంచు కరిగేనాటికి కొత్త వాయిదా ఖాయమైంది. ఆ సాయంత్రం అక్క రూలుకు విరుద్ధంగా మా వీధి పొడవునా బస్సు హారన్ మోగించుకుంటూ వచ్చింది. లోపల పిల్లలు ఒకటే కేకలు.

మర్నాడు ఎదురింటి లూరీన్ పిన్ని తన ఇంటి నోటీసు పట్టుకుని బిక్కమొహంతో వచ్చింది. అక్క ఏదో చెప్పబోయింది. అప్పటికే బావ కోటు తొడుక్కుంటున్నాడు.

"పద పిన్నీ, హ్రూబీ గారి దగ్గరికి నేనూ వస్తా. అక్కడ సిగ్గుపడకుండా మాట్లాడాలి."