సోమయ్య గారి కబురు చెప్పిన బాకా

నేను ఒక మైకు బాకాను. మూతి వెడల్పు, గొంతు సన్నం, ఒళ్ళంతా అల్యూమినియం. ఇప్పుడు పాత సామాన్ల కొట్టులో బోర్లా పడి ఉన్నాను గానీ, నన్ను చూసి జాలిపడకండి. నేను నోరు తెరిస్తే మూడు ఊళ్ళు వినేవి. కాలువ అవతల కలుపు తీసే ఆడవాళ్ళు నడుం ఎత్తి చూసేవాళ్ళు. మీలో ఎంతమందికి ఆ యోగం పట్టింది?

పట్నంలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను చేసిన మనిషికి సగం చెవుడు. పని పూర్తికాగానే నన్ను వేలితో తట్టి, చెవి ఆనించి, "పలుకుద్ది" అన్నాడు. ఆయన మాట నేనెప్పుడూ పోనివ్వలేదు. మొదట వీర్రాజు అనే మైకుసెట్టు ఆసామి నన్ను కొన్నాడు. ఆయన దగ్గర పెళ్ళిళ్ళు, నాటకాలు, ఎన్నికలు అన్నీ చూశాను. పొద్దున ఒక పార్టీని గెలిపించమన్న గొంతుతోనే సాయంత్రం దాన్ని ఓడించమనేదాన్ని. అందులో నాకు సిగ్గేమీ లేదు. మాట వాళ్ళది, గొంతు నాది.

వీర్రాజుకు చూపు మందగించాక, పోతులపాలెం సంసోను నన్ను తెచ్చుకున్నాడు. ఆ ఊళ్ళో ఒకే వీధిలో ఎదురెదురుగా రెండు మందిరాలు. ఒకదానికి పాస్టరు జక్రయ్య గారు. లోకం పుట్టకముందే దేవుడు తనవాళ్ళెవరో ఏర్పరచుకున్నాడు, ఇప్పుడు మనం కలిపేదీ లేదు, తీసేసేదీ లేదు అంటారాయన. రెండోదానికి ఆశీర్వాదం గారు. రక్షణ అందరికీ, చెయ్యి చాపిన ప్రతివాడికీ అంటారీయన. కాకపోతే చెయ్యి చాపాలి, నమ్మాలి, నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకోవాలి. శనివారం ఒకరి సభ, ఆదివారం ఇంకొకరి సభ. ఊరు మొత్తానికి బాకా నేనొక్కదాన్నే. శనివారం మూసిన తలుపు ఆదివారం నేనే బార్లా తెరిచేదాన్ని. నా పలుకు బాగుందని ఇద్దరూ మెచ్చుకునేవారు. ఆ ఒక్క విషయంలోనే వాళ్ళకు మాట కలిసేది.

నాకు ఇంకో పని కూడా ఉండేది. ఎవరైనా పోతే, సంసోను నన్ను రిక్షాకి కట్టి వీధి వీధీ తిప్పి కబురు చెప్పేవాడు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు పోతే "ప్రభువునందు నిద్రించారు" అనాలి. తీసుకోనివాళ్ళు పోతే ఉత్త "చనిపోయారు". నిద్రించినవాళ్ళకే సమాధుల తోటలో చోటు. తోట రెండు సంఘాలకూ ఒకటే, తాళంచెవి మాత్రం ఆశీర్వాదం గారి దగ్గర ఉండేది.

ఆ తోటలో నలభై ఏళ్ళుగా గుంటలు తవ్వినవాడు సంసోను తండ్రి సోమయ్య. భార్య రూతమ్మ ఎప్పుడో బాప్తిస్మం తీసుకుంది గానీ ఆయన తీసుకోలేదు. పదిహేనేళ్ళ కిందట ఒకసారి జక్రయ్య గారిని అడిగాడట, "దేవుడు ఏర్పరచుకున్నోళ్ళలో నేనున్నానా అయ్యగారూ?" అని. "అది దేవుడికే ఎరుక" అన్నారట ఆయన. "అయితే ఆయన్నే చెప్పమనండి" అని సోమయ్య పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

డెబ్భై దాటాక, ఒక వేసవి ఆదివారం, ఆశీర్వాదం గారి ప్రసంగం వింటూ మందిరం గేటు దగ్గర నిలబడ్డ సోమయ్య లోపలికి నడిచి, బాప్తిస్మం కావాలని చెయ్యి చాపాడు. ఆ ప్రసంగం నా గొంతులోంచే వెళ్ళింది, ఆ సంగతి మరిచిపోకండి. అయితే అప్పటికి వేసవికని లాకులు దించి కాలువలకు నీళ్ళు కట్టేశారు. తొట్టిలో నీళ్ళు నింపి ముంచమని సంసోను బతిమాలాడు.

"పారే నీళ్ళే కావాలి అబ్బాయ్. లాకులెత్తగానే మొదటి మనిషి మీ నాన్నే" అన్నారు ఆశీర్వాదం గారు.

లాకులెత్తడానికి ఇంకా వారం ఉందనగా సోమయ్య వడదెబ్బకు పోయాడు.

పొద్దున్నే సంసోను నన్ను రిక్షాకి కట్టాడు. తాడు రెండుసార్లు కట్టి విప్పి, మూడోసారి ముడేశాడు. ఆశీర్వాదం గారు వచ్చారు. ఆయన కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

"చనిపోయాడని చెప్పు సంసోనూ. నిద్రించాడనొద్దు. ఇయ్యాల మీ నాన్నకని సడలిస్తే రేపు ఎవరికి కాదనగలం? కాలవగట్టున చోటు చూద్దాం."

తన మందిరంలోంచి జక్రయ్య గారు వీధి దాటి వచ్చారు.

"లోకం పుట్టకముందే తేల్చుకున్న దేవుడు, ఇరిగేషనోళ్ళు లాకులెత్తేదాకా ఆగుతాడా అయ్యగారూ?"

"ఆ ముక్క పదిహేనేళ్ళ కిందట ఆయనకి చెప్పలేకపోయారా?"

ఇంకేముంది, ఇద్దరూ అందుకున్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రక్షణ అందరికీ అన్నాయన గేటు మూస్తున్నాడు, కొందరికే అన్నాయన తెరవమంటున్నాడు. ఇంట్లోంచి రూతమ్మ వచ్చింది. ఆశీర్వాదం గారి ఎదుట నిలబడింది, గొంతు పెంచలేదు.

"అయ్యగారూ, ఆ తోటలో ఉన్నోళ్ళందర్నీ మట్టిలో పడుకోబెట్టింది ఈయనే. మీ అమ్మగారిని కూడా. రేపు ప్రభువు వచ్చి అందర్నీ లేపితే, వాళ్ళు ఈయన్ని గేటు బయట నిలబెట్టి వెళ్తారా?"

ఆశీర్వాదం గారు సంసోను చేతిలోంచి మైకు తీసుకుని, తనే రిక్షా ఎక్కారు.

"మన సోమయ్య గారు ఈ తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారు. ఆయన చెయ్యి చాపారు. నీళ్ళ కోసం ఆపింది నేను. భూస్థాపన మన తోటలోనే."

ఆ ఊళ్ళో సోమయ్యను "గారు" అన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. నా బతుకులో పలికిన పెళ్ళిళ్ళూ ఎన్నికలూ అన్నీ ఒక ఎత్తు, ఆ నాలుగు మాటలు ఒక ఎత్తు. వీధి వీధీ తిరిగి, ఎక్కడా గరగరలాడకుండా, కాలువ అవతలిదాకా వినిపించాను. ఇవాళ ఈ తుక్కులో కూడా నేను తలెత్తుకునే ఉన్నానంటే అందుకే.

రిక్షా తోట దగ్గర ఆగేసరికి, గుంట తవ్వే మనిషి లేడన్న సంగతి అందరికీ తట్టింది. పాస్టర్లిద్దరూ చొక్కా చేతులు మడిచి దిగారు. ఇద్దరికీ పార పట్టడం చేతకాదు. పైగా నడుము లోతుకు దిగాక కూడా, దేవుడి ఏర్పాటు ముందా మనిషి నమ్మకం ముందా అని వాదించుకుంటూనే ఉన్నారు. రూతమ్మ గుంట గట్టున నిలబడి కాసేపు చూసింది.

"ఇంకాస్త లోతుగా తవ్వండయ్యా. మీవాళ్ళకి ఆయనెప్పుడూ తక్కువ చెయ్యలేదు" అంది.

ఇద్దరూ నోరు మూసుకుని మరో మూరెడు తవ్వారు.