సన్మానానికి కోసిన అక్షరాలు

టోలిచౌకి వీధుల్లో పడవలు తిరిగిన వరద తర్వాత మూడో ఏడు అది. ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్లకు థర్మోకోల్ అక్షరాలు కోసేవాణ్ణి నేను. ఆ పొడి పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. నా బిడ్డ అరుణజ్యోతి ఆ దగ్గు మీదే పరిశోధన చేసింది. సెట్ల పనివాళ్ల ఇళ్లన్నీ తిరిగింది.

వ్యాసం రాసి తన గైడు వేంకటరమణ చేతిలో పెట్టింది. అతడు తన ఒక్కడి పేరుతో అచ్చు వేయించుకున్నాడు. ఒకరి వ్యాసాన్ని ఇంకొకరు తమ రాతలో పేరుపెట్టి చెప్తే సైటేషన్ అంటారట. డాక్టర్లు చెప్పారు, ఇంజనీర్లు చెప్పారు, లాయర్లు కూడా చెప్పారు. అందరూ అతడి పేరే చెప్పారు. ఇదేమిటని అడిగినందుకు అతడు నా బిడ్డ పీహెచ్‌డీ ఆపేశాడు.

అతడి బావమరిది సినిమా నిర్మాత. వేంకటరమణకు సన్మానం స్టూడియోలోనే పెట్టించాడు. అక్షరాల పని నాకు వచ్చింది. నేను ఎవరి తండ్రినో వాళ్లకు తెలియదు.

"వీరన్నా, సార్ పేరు పెద్దగ ఉండాలె. కింద 'అన్ని శాస్త్రాలు మెచ్చిన మేధావి' అని పెట్టు," అన్నాడు మేనేజర్ తిరుమలేశ్.

"పెడ్త."

"జర నవ్వరాదే! సన్మానం నీకు కాదనా గా ముఖం?"

నేను థర్మోకోల్ షీటు ముందుకు లాక్కున్నాను.

మా దగ్గర కొత్త సెట్టుకు కొబ్బరికాయ కొట్టేదాకా ముసుగు తియ్యరు. దిష్టి తగులుతుందని నిర్మాత కూడా తొంగి చూడడు. ఆ ధైర్యంతోనే కోశాను.

సాయంత్రం జనం నిండారు. కొబ్బరికాయ పగిలింది. వేంకటరమణ నవ్వుతూ తాడు లాగాడు. చప్పట్లు మధ్యలోనే ఆగాయి.

'ఈ పరిశోధన అరుణజ్యోతిది. వేంకటరమణ దొంగ.'

"ఎవడయ్యా ఈ పని చేసింది?" అని అరిచాడు వేంకటరమణ.

"నేనే. అరుణజ్యోతి నాయినను."

"నా కొలువు తిన్నవ్ గదనే!" అంటూ తిరుమలేశ్ ముసుగు కప్పబోయాడు. అప్పటికే ఫోన్లన్నీ పైకి లేచాయి. ముందు వరసలోంచి ఒక ప్రొఫెసరమ్మ లేచింది.

"ఎవరండీ ఈ అరుణజ్యోతి?"

వేంకటరమణ మెడలోని దండ తీసి పక్కన పెట్టి వేదిక దిగాడు. నా కడుపు చల్లబడింది.

మర్నాడు పొద్దున్నే బోరబండలో మా ఇంటి ముందు అతడి కారు ఆగింది.

"పెద్దాయనా, వ్యాసంలో మీ అమ్మాయి పేరు రెండోదిగా చేర్పిస్తానండీ. పీహెచ్‌డీ కూడా ఇప్పిస్తాను. ఆ రాత పొరపాటని మీరొక్క మాట చెప్పండి, చాలు."

"మొదటి పేరు ఎవల్ది?"

అతడు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"బిడ్డ తానం చేస్తున్నది. ఒప్పుకునుడో ఒప్పుకోకపోవుడో తనే చెప్తది. గా ఎండలనే నిలబడు."

లోపలున్న ఒక్క కుర్చీ మీద అతడి చూపు పడింది. దాన్ని గుమ్మంలోకి లాక్కొని కూర్చున్నాను. ఎండలో చెమటలు కక్కుతున్న అతడి ముఖం చూస్తూ నిమ్మళంగా చాయ్ తాగాను.