డేగ చూపు

పిచ్చియ్య కోడిపందేలు మానేసి నాలుగేళ్లయింది. అతని చివరి పుంజు, డేగ, బరిలోనే చచ్చింది. చచ్చిన పుంజును వండుకోవడం ఊళ్లో మామూలే. కానీ తను మేపిన పందెం జాతి కోడిని పిచ్చియ్య ఎన్నడూ కోయలేదు. డేగను పాతిపెట్టాడు.

1986లో అతని భార్య కొండమ్మ పిడుగురాళ్ల రోడ్డు పక్కన బ్రాయిలర్ కోళ్ల షెడ్డు వేసింది. వాటిని కోసి లారీవాళ్లకు అమ్మడం పిచ్చియ్య పని.

ఒక శనివారం పశువుల డాక్టరు వచ్చి మాటల్లో చెప్పాడు. "వీటి తండ్రి వైపు మూలం మన పందెం కోడే పిచ్చియ్యా, అసీల్. తెల్లోళ్లు ఓడల్లో తీసుకుపోయి, వాళ్ల కోళ్లతో కలిపి, రొమ్ము కండ పెరిగే జాతిని చేశారు."

"మా కోడి ఇట్టా చతికిలబడదు సార్," అని పిచ్చియ్య నవ్వాడు.

మర్నాడు లారీ డ్రైవరు కొనడానికి చూపించిన కోడి లేవలేకపోయింది. వడదెబ్బ అనుకుని, బరిలో సొమ్మసిల్లిన పుంజుకు చేసినట్టే పిచ్చియ్య నోట్లో నీళ్లు పట్టి దాని మొహం మీద చిమ్మాడు. కోడి మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. వణికే కాళ్ల మీద లేచి, తల వంచి అతని వైపు చూసింది. డేగ అట్లాగే చూసేది. మరుక్షణం ఈ కోడి కూలబడింది.

పిచ్చియ్య కత్తి కింద పెట్టి, పక్కనే ఉన్న కొండమ్మ వైపు తిరిగాడు. "నా వల్ల కాదే. నువ్వు కొయ్యి."

"ఏందయ్యా కొత్తగా? నిన్నటిదాకా ఎన్ని కోశావో!"

"అదే అడగబాక."

కొండమ్మ కత్తి తీసుకుంది. అతను షెడ్డు వైపు తిరిగాడు. తెల్లకోళ్లన్నీ కూర్చునే ఉన్నాయి. మెడలు మాత్రం నిలబెట్టి అతన్నే చూస్తున్నాయి.