అమ్మ నోట నాన్న పేరు

మా అమ్మ సంపూర్ణమ్మ నాన్న పేరు నోటితో అనదు. చర్చిలో ప్రార్థన చేయించేటప్పుడు కూడా "మా ఇంటాయన మోకాళ్ళ గురించి ప్రార్థన చెయ్యండయ్యా" అంటుంది. పేరు చెప్పకపోతే ఎవరి మోకాళ్ళో దేవుడికెట్లా తెలుస్తుందే అని నేను ఆటపట్టిస్తే, "ఆయనకి తెలవని పేరా?" అని కసురుతుంది. నాన్న చెరకు కొట్టే ముఠాకి మేస్త్రీ. ఉయ్యూరు చుట్టుపక్కల తోటల్లో ఆయన పేరు ఎరగనివాళ్ళు లేరు. ఇంట్లో మాత్రం ఆయన "ఇదిగో", లేదంటే "హెలెన్ నాన్న". ఆ హెలెన్‌ని నేనే. విజయవాడ పటమటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను.

కిందటేడు నాన్నకి నిమ్ము చేస్తే మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఆస్పత్రిలో చేర్పించాను. అప్పుడక్కడ అక్రెడిటేషన్ హడావిడి నడుస్తోంది. రోగులకి ప్రమాదం లేకుండా ఆస్పత్రి పద్ధతిగా నడుస్తోందా లేదా అని బయటివాళ్ళొచ్చి చూసి ఇచ్చే గుర్తింపు అది. దానికోసం వార్డులన్నీ పెళ్ళివారిల్లులా ఉన్నాయి. చేతులు కడుక్కోకుండా ఒక్కరూ మంచం దగ్గరికి వచ్చేవాళ్ళు కాదు. మాత్ర ఇవ్వాలన్నా, సూది వెయ్యాలన్నా ముందు పేరు అడిగేవాళ్ళు. చేతికి కట్టిన పట్టీ మీది పేరుతో అది కలిస్తేనే మందు.

నాన్న జ్వరం మగతలో ఉంటే స్టెల్లా అనే నర్సు అమ్మని అడిగింది.

"పేషెంటు పేరు చెప్పండమ్మా."

అమ్మ నా వంక చూసింది. నేను కావాలనే గోడ వంక చూశాను.

"ఐదో నంబరు మంచం" అంది అమ్మ.

"మంచం సంగతి కాదమ్మా, మనిషి పేరు. మంచాలు మారుతుంటాయి. మందు మనిషికి కదా" అంది స్టెల్లా. సూది ట్రేలోంచి తియ్యలేదు.

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని "సంజీవరావు" అంది, వినపడీ వినపడనట్టు. నిద్రపోతున్నాడనుకున్న నాన్న కళ్ళు తెరవకుండానే, "సరిగా వినపళ్ళేదు. ఇంకోసారి" అన్నాడు. వార్డంతా ఒకటే నవ్వు.

ఇక చూడండి, జ్వరం తగ్గాక కూడా సరిగ్గా సూది వేళకే ఆయనకి నిద్ర ముంచుకొచ్చేది. నర్సు అడగడం, అమ్మ ముఖం ఎర్రగా చేసుకుని చెప్పడం, ఈయన "ఇంకోసారి" అనడం. ఇంటికి బయల్దేరేటప్పుడు "నిమ్ము మంచి జబ్బేనే హెలెనూ" అన్నాడు. అమ్మ ఆయన చెయ్యి గిల్లింది.

ఈ ఏడు ఆయనకి హెర్నియా ఆపరేషన్ చెయ్యాలన్నారు. అమ్మ పట్టుబట్టింది: "పేరడిగి మందిచ్చే ఆస్పత్రి. అక్కడికే పోదాం."

వెళ్ళాం. గుర్తింపు పత్రం పటం కట్టించి, చుట్టూ లైట్ల దండ వేసి, లోపలికి రాగానే కనపడేట్టు పెట్టారు. స్టెల్లా ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్ళిపోయిందట. రెండు వార్డులకి ఒకే నర్సు పరుగులు పెడుతోంది. చేతులు కడుక్కునే మందు సీసా ఖాళీగా గోడకి వేలాడుతోంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. నాన్న చేతికి పట్టీ కట్టారు గానీ, దాని వంక మళ్ళీ ఎవరూ చూళ్ళేదు.

మొదటి మాత్ర వచ్చినప్పుడు అమ్మ గొంతు సవరించుకుని సిద్ధంగా కూర్చుంది. నర్సు మాత్ర చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

"అడగలేదేందే?" అంది అమ్మ చిన్నబుచ్చుకుని.

"నా పేరు పాతబడింది" అన్నాడు నాన్న.

నాన్నది బాత్రూం పక్క మంచం. కిటికీ దగ్గర ఏడో నంబరు మంచం మీద వెంకటకృష్ణారావు గారని గన్నవరం వైపు రైతు. ఆయనకి షుగరు, కాలికి పుండు. బాత్రూం దాకా కుంటుకుంటూ వస్తుంటే నాన్న చూడలేకపోయాడు. "రావుగారూ, మీరిటు రండి. నేనటు పోతా" అని సాయంత్రం మంచం మార్చుకున్నాడు. అప్పుడున్న నర్సుకి చెప్పారు కూడా. అలాగేనంది. పొద్దున్నే డ్యూటీకి ఇంకో అమ్మాయి వచ్చింది.

ఆపరేషన్ కోసమని నాన్న రాత్రి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నేను స్కూల్లో సెలవు చెప్పి వద్దామని వెళ్ళాను. తర్వాత జరిగింది అమ్మ చెప్పగా విన్నదే. రావుగారు బాత్రూంలో ఉన్నారు. నర్సు ట్రే పట్టుకుని హడావిడిగా వచ్చింది. ఆమెని చూడగానే నాన్న పాత అలవాటుకొద్దీ కళ్ళు మూసుకున్నాడు. మీసాల కింద నవ్వు దాచుకుంటున్నాడని అమ్మకి తెలుస్తూనే ఉంది. అమ్మ కొంగు సర్దుకుంది.

"ఏడో బెడ్డేనా?" అంది నర్సు.

"అవునమ్మా" అంది అమ్మ. అది ఏడో బెడ్డే.

సూది వేసి ఆ పిల్ల వెళ్ళిపోయింది. అది ఇన్సులిన్. షుగరున్న మనిషికి, తినబోయే ముందు ఇవ్వాల్సిన మందు. షుగరు లేని, ఖాళీ కడుపుతో ఉన్న మా నాన్నకి పడింది. రావుగారు బయటికొచ్చి, నా సూదేదమ్మా అని అడిగితే, ఇచ్చేశాం కదండీ అన్నారట. నాన్నకి చెమటలు పోశాయి. ఆపరేషనంటే భయమనుకుని అమ్మ తుడిచింది, కొంగుతో విసిరింది. కాసేపటికి నిద్రపోయాడు. దొంగనిద్ర అనుకుంది అమ్మ. ఆపరేషన్‌కి తీసుకెళ్ళడానికి స్ట్రెచర్ తెచ్చినవాళ్ళు లేపబోతే గానీ అది నిద్ర కాదని తెలియలేదు.

ఐసీయూలో గ్లూకోజు ఎక్కించారు. మెదడు అప్పటికే దెబ్బతిందన్నారు. మర్నాడు నాన్న పోయాడు.

మేనేజరు పవన్‌కుమార్ మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టాడు. "మాది గుర్తింపు ఉన్న ఆస్పత్రండీ. మా దగ్గర ఇలాంటివి జరగవు" అన్నాడు.

"జరిగింది" అన్నాను. ఇంకా చాలా అన్నాను. నా గొంతు బయటి వరండా దాకా వినపడిందట. వెంకటకృష్ణారావు గారు గోడ పట్టుకుని కుంటుకుంటూ లోపలికొచ్చారు.

"నాకు వెయ్యాల్సిన సూది ఆయనకేశారయ్యా. నా కాలు చూసి జాలిపడి మంచం ఇచ్చాడు మహానుభావుడు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

బయట ఆ పటానికి ఇంకా లైట్లు వెలుగుతున్నాయి. అది ఉత్త అబద్ధమైతే నాకింత కడుపుమంట ఉండేది కాదు. కిందటేడు వీళ్ళే, ఇదే వార్డులో, పేరడిగి మందిచ్చి మా నాన్నని బతికించి పంపారు. చేతకాక చెయ్యకపోతే ఏడ్చి ఊరుకునేదాన్ని. చేతనైన పని మానేశారు.

మార్చురీ ఆస్పత్రి వెనక ఉంది. అక్కడ పనిచేసే రత్తయ్య తలుపు దగ్గర మమ్మల్ని ఆపాడు.

"పేరు చెప్పాలమ్మా. చేతి పట్టీతో సరిచూసుకునే ఇవ్వాలి. ఒకరి బదులొకరు పోకూడదు కదా."

నేను నోరు తెరిచేలోపు అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"నేలపాటి సంజీవరావు" అంది.

రత్తయ్య లోపలికెళ్ళి దుప్పటి తొలగించి, పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురు చాల్లేదేమో, కళ్ళు చిట్లించి చూశాడు.

"ఇంకోసారి చెప్పమ్మా."

అమ్మ నాన్న ముఖం వంక చూసింది. చాలాసేపు చూసింది. ఆ మీసాల కింద ఏమీ లేదు.

"సంజీవరావు" అంది మళ్ళీ, గట్టిగా.

పట్టీ మీది పేరు కలిసింది. నాన్నని బండి మీదికి మార్చారు. అమ్మ దాని వెనకే నడుస్తూ నా భుజం పట్టుకుంది.

"ఆ పిల్ల కూడా అడిగుంటే చెప్పేదాన్ని గదే, హెలెనూ" అంది.